రెండు బడులు, ఒక డ్యామ్: ఏ వర్చువల్ లోకం ఎంచుకోవాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి. వేర్వేరు ఊళ్ల బడి పిల్లలు కంప్యూటర్‌లో ఒకే త్రీడీ లోకంలోకి వచ్చి కలిసి పనిచేయాలంటే ఏ ఏర్పాటు మంచిదని అడిగారు. అందుకే ప్రింటర్ కాట్రిడ్జ్‌ల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాది మాచర్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్. నేను లెక్కలు చెబుతాను. బీఎడ్‌లో నాతో చదివిన స్నేహితుడు నది అవతల హాలియా దగ్గర సోషల్ టీచర్. రెండు బడుల 8, 9 తరగతుల పిల్లలతో కంప్యూటర్‌లో నాగార్జునసాగర్ డ్యామ్ కట్టించాలని మా ఆలోచన. ఒకరు మైన్‌క్రాఫ్ట్ అంటున్నారు. ఒకరు మనిషి బొమ్మతో తిరిగే సెకండ్ లైఫ్ లాంటి త్రీడీ లోకం పెట్టమంటున్నారు. ఇంకొకరు బ్రౌజర్‌లో తెరుచుకునేవి చాలంటున్నారు. మా ల్యాబ్‌లో పనిచేసే కంప్యూటర్లు పది. అక్కడ ఆరే, అవీ పాతవి. నెట్ మా వాడి ఫోన్ హాట్‌స్పాటే. ఏది ఎంచుకోమంటారు మేడమ్?
— ఒక లెక్కల మాస్టారు, మాచర్ల

జవాబు: మాస్టారూ, మీకు కావలసిన జవాబు మీ ఉత్తరం చివర్లోనే ఉంది. అక్కడ ఆరు కంప్యూటర్లు, అవీ పాతవి, నెట్ ఫోన్‌ది. ఆ ఆరింటిలో ఏది ఆడుతుందో అదే రెండు బడులకీ. మిగతా గుణగణాలన్నీ దాని తర్వాతే. ఇలాంటి జోడీల్లో సాధారణంగా మంచి ల్యాబ్ ఉన్న బడే సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటుంది. రెండో బడి పిల్లలు మొదటి రోజు లాగిన్ దగ్గరే ఆగిపోతారు. రెండో రోజు ఇద్దరికొక కంప్యూటర్ దగ్గర కూర్చుంటారు. వారం తిరిగేసరికి అవతలి పిల్లలు కడుతుంటే చూసేవాళ్లుగా మిగులుతారు. దాన్ని కలిసి పనిచేయడం అనలేం.

కాబట్టి ముందు ఒక శనివారం హాలియా వెళ్లండి. ఆ ఆరింటిలో అన్నిటికంటే నెమ్మదిగా ఉన్నదాని ముందు కూర్చోండి. పెన్‌డ్రైవ్‌లో లువాంటి పట్టుకెళ్లండి. చాలామందికి ఇది మైన్‌టెస్ట్ అనే పాత పేరుతో తెలుసు, 2024 అక్టోబరులో పేరు మార్చారు. బ్లాకులు పేర్చి కట్టే లోకమే, మైన్‌క్రాఫ్ట్ పద్ధతిదే, కానీ ఓపెన్ సోర్స్. పైసా కట్టక్కర్లేదు, పిల్లలకి ఈమెయిల్ అక్కర్లేదు, పాత కంప్యూటర్లతో సర్దుకుపోతుంది. సెట్టింగ్స్‌లో వ్యూయింగ్ రేంజ్, అంటే ఎన్ని బ్లాకుల దూరం కనిపించాలన్నది, మామూలుగా 190 ఉంటుంది. దాన్ని 60కి దించండి, నీడలు ఆపేయండి. అప్పుడు బొమ్మ ఆగకుండా కదిలితే మీ వెతుకులాట అయిపోయినట్టే. ఒక్క మాట, లువాంటి అనేది ఇంజిన్ మాత్రమే, దించుకోగానే అందులో ఆట ఉండదు. కంటెంట్ ట్యాబ్‌లోకి వెళ్లి మైన్‌టెస్ట్ గేమ్ విడిగా దించుకోవాలి. చాలామంది ఖాళీ తెర చూసి పాడైపోయిందనుకుని వదిలేసేది ఇక్కడే.

మీరు కట్టాలనుకున్నది నాకు భలే నచ్చింది. పైగా దీనికి బ్లాకుల లోకమే సరిపోతుంది. రాతి కట్టడం పొడవు దాదాపు 1,450 మీటర్లు, ఎత్తు సుమారు 124 మీటర్లు. ఒక బ్లాకు ఒక మీటరు అనుకుంటే నిజమైన కొలతలతోనే కట్టొచ్చు. లువాంటి లోకం ఈ చివర నుంచి ఆ చివరకి 60 వేల బ్లాకులు దాటి ఉంటుంది కాబట్టి చోటుకి లోటు లేదు. సెకండ్ లైఫ్‌లో ఒక రీజియన్, అంటే ఒక నేల ముక్క, 256 మీటర్ల చదరం. మీ డ్యామ్ పరచాలంటే అలాంటివి ఆరు వరసగా కావాలి, ప్రతిదానికీ నెలనెలా అద్దె.

ఇక గేట్ల దగ్గరికి రండి, మీ సబ్జెక్టు వచ్చేది అక్కడే. డ్యామ్ పైభాగంలో నీళ్లు వదిలే క్రెస్ట్ గేట్లు 26. ఒక్కోటి 45 అడుగుల వెడల్పు, అంటే 13.7 మీటర్లు. బ్లాకుని విరగ్గొట్టలేం కాబట్టి 14 వేస్తారా, 13 వేస్తారా? అన్నిటికీ 14 వేస్తే గేట్ల వెడల్పే 364 బ్లాకులు అవుతుంది. అసలు ఉండాల్సింది 357కి దగ్గర. ఆ ఏడు బ్లాకులు ఎక్కడ సర్దుతారు? మూడు గేట్లకి 14 వేసి నాలుగోదానికి 13 వేస్తే? మీ పిల్లలు ఒకలా, హాలియా పిల్లలు ఇంకోలా లెక్కేసుకుని రెండు గట్ల నుంచి కట్టుకుంటూ వస్తే మధ్యలో గోడ కలవదు. అందుకే ఒక్క బ్లాకు పెట్టకముందే రెండు క్లాసులూ కూర్చుని ఈ సంగతి తేల్చుకోవాలి. నన్నడిగితే మీ ప్రాజెక్టు మొత్తంలో అసలైన పీరియడ్ అదే. దానికి త్రీడీ కూడా అక్కర్లేదు, ఒక ఫోన్ కాల్, రెండు గ్రాఫ్ పేపర్లు చాలు.

చెరి 13 గేట్లు పంచుకుంటారు కదా. 2023 నవంబరు చివర్లో రెండు రాష్ట్రాల నీళ్ల గొడవలో అసలు డ్యామ్ మీద 13వ గేటు దగ్గరే ముళ్లకంచె పడింది. మీ స్నేహితుడు సోషల్ టీచర్ కాబట్టి పిల్లలు ఆ ప్రశ్న అడగకుండా ఉండరు. కుడి కాలువ, ఎడమ కాలువ, 590 అడుగుల పూర్తి నీటిమట్టం, ఈ లెక్కలు ఆయన ముందే సిద్ధం చేసుకుంటే మంచిది. 1955 డిసెంబరులో నెహ్రూ వేసిన శంకుస్థాపన నుంచి మొదలుపెట్టినా ఆయన పాఠానికి పనికొస్తుంది. నీళ్లలో మునిగే చోటు నుంచి పురాతన కట్టడాలని తెచ్చి సాగర్ దగ్గరి అనుపులో మళ్లీ పేర్చిన సంగతి ఉండనే ఉంది. బ్లాకుల్లో అనుపు స్టేడియం మెట్లు కట్టడం గేట్ల కంటే తేలిక. త్వరగా పని ముగించేసి అల్లరి చేసే పిల్లలకి అది అప్పగించండి.

ఇప్పుడు సర్వర్, అంటే అందరూ వచ్చి కలిసే ఆ లోకాన్ని నడిపే కంప్యూటర్. మీ స్నేహితుడి హాట్‌స్పాట్ మీద సర్వర్ పెట్టడం కుదరదు. మొబైల్ నెట్‌లో ఒకే పబ్లిక్ అడ్రసు వెనక వేలమంది ఉంటారు, బయటి నుంచి వచ్చే పిలుపు ఆ ఫోన్ దాకా చేరదు. మీ బడి ఫైబర్ కనెక్షన్‌లోనూ అదే పరిస్థితి ఉండొచ్చు. రూటర్‌లో యూడీపీ 30000 పోర్టు తెరిచి చూడమని చెప్పొచ్చు గానీ, సాయంత్రం నాలుగింటికి కరెంటు పోతే రెండు బడుల పనీ ఆగిపోతుంది. దానికి బదులు నెలకు కొన్ని వందల రూపాయలకి ముంబైలోనో, హైదరాబాద్‌లోనో ఉండే చిన్న అద్దె సర్వర్ తీసుకోండి. పదహారు కంప్యూటర్లకి పెద్దది అక్కర్లేదు. డబ్బు ఎవరిస్తారని బెంగ పడకండి. మీ బడి పదో తరగతి పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. పూర్వ విద్యార్థులకి కుర్చీలు, ఫ్యాన్లు ఇచ్చి ఇచ్చి విసుగొచ్చి ఉంటుంది. వాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక్కరైనా ఉంటారు, సర్వర్ ఎక్కించే పని కూడా ఆయనకే అంటగట్టండి.

మొదటి రోజు మీరు తప్పకుండా ఎదుర్కొనేది ఒకటుంది. ఎవరైనా మొదటిసారి సర్వర్‌లోకి వెళ్లగానే అందులోని బొమ్మలు, శబ్దాలు అన్నీ వాళ్ల కంప్యూటర్‌లోకి దిగుతాయి. ఆరు కంప్యూటర్లూ ఒకేసారి ఒక్క ఫోన్ మీద పడితే తెర మీద లోడింగ్ గీత పాకుతూనే ఉంటుంది, పీరియడ్ అయిపోతుంది. ఒకసారి దిగినవి కంప్యూటర్‌లోనే దాచి ఉంటాయి కాబట్టి ముందు రోజు సాయంత్రం ఒక్కో కంప్యూటర్‌నీ విడివిడిగా లాగిన్ చేసి ఉంచమనండి. సర్వర్ మీద మాడ్‌లు, అంటే ఆటకి తగిలించే అదనపు హంగులు, తక్కువ పెట్టండి. మంత్రదండాలు, డ్రాగన్లు మీ డ్యామ్‌కి దేనికి? స్థలాలకి హద్దులు గీసే ఏరియాస్, పెద్ద భాగాలు ఒక్కసారే మార్చడానికి మీకోసం వరల్డ్ ఎడిట్, ఈ రెండూ చాలు. వరల్డ్ ఎడిట్ పిల్లల చేతికివ్వకండి, ఒక్క ఆదేశంతో డ్యామ్ మొత్తం ఇసుకైపోతుంది.

సర్వర్ సెట్టింగ్స్‌లో క్రియేటివ్ మోడ్ ఆన్, డ్యామేజ్ ఆఫ్. ఖాళీ పాస్‌వర్డ్‌తో రానివ్వకూడదు. సర్వర్‌ని పబ్లిక్ జాబితాలో ప్రకటించే సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉండాలి, లేకపోతే ఊరూ పేరూ తెలియనివాళ్లు వచ్చి పడతారు. ఇందులో ప్రతి పనికీ ఒక అనుమతి ఉంటుంది. బ్లాకు పెట్టడానికి, తీయడానికి ఇంటరాక్ట్. చాట్‌లో మాట్లాడటానికి షౌట్. మొదటి వారం ఇంటరాక్ట్ మాత్రమే ఇవ్వండి. చాట్ లేకపోతే పిల్లలు పలక బోర్డులు నాటి రాసుకుంటారు. ఆ రాసింది అందరికీ కనిపిస్తుంది కాబట్టి మాట కూడా కాస్త మర్యాదగా వస్తుంది.

రోల్‌బ్యాక్ రికార్డింగ్ మొదటి రోజే ఆన్ చేయండి, తర్వాత చేస్తే అంతకు ముందు జరిగినవి దొరకవు. ఏదో ఒక రోజు హాలియా వాళ్ల తొమ్మిదో గేటు మాయమవుతుంది. ఎవరు తీశారన్న గొడవ మొదలవుతుంది, మావాడు కాదంటే మావాడు కాదని మీరిద్దరు మాస్టార్లూ అనుకుంటారు. రోల్‌బ్యాక్ ఉంటే ఆ చోట చివరగా చెయ్యి పెట్టింది ఎవరో చూపిస్తుంది, ఆ పిల్లవాడు చివరి పది నిమిషాల్లో చేసిందంతా వెనక్కి తీసేస్తుంది. రోజూ సాయంత్రం వరల్డ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకోవడం కూడా ఎవరో ఒక పిల్లకి డ్యూటీ వేయండి.

ఇందులో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. తెలుగు అక్షరాలు సరిగ్గా రావు. దాని ఫాంట్ పద్ధతికి మన గుణింతాలు, ఒత్తులు కలిపి చూపించడం చేతకాదు. హిందీ, కన్నడాలదీ ఇదే గతి. బోర్డు మీద "స్పిల్‌వే" అని రాస్తే ఒత్తు విడిపోయి ఎక్కడో పడుతుంది. పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేస్తారు, అది వాళ్లకి అలవాటే. మీ తెలుగు టీచర్‌కి మాత్రం ముందే చెప్పి ఉంచండి.

మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్ చెడ్డదని కాదు. పాఠాలు, నల్లబల్లలు, ఫొటో ఆల్బమ్, టీచర్ చేతిలో ఉండే పగ్గాలు, అన్నీ బడి కోసమే చేసిపెట్టారు. నాలుగు బొమ్మలతో ఉండే జాయిన్ కోడ్ చిన్నపిల్లలకి కూడా గుర్తుంటుంది. కానీ ప్రతి పిల్లకీ బడి ఇచ్చిన మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి. రెండు బడులూ వేర్వేరు సంస్థల కింద ఉంటే రెండు వైపులా అడ్మిన్‌లు అనుమతి తెరవాలి. మీ విషయంలో ఆ అడ్మిన్ రెండు రాష్ట్రాల్లో ఏ ఆఫీసులో ఉంటాడో కనుక్కునేసరికి పిల్లలు పదో తరగతికి వస్తారు. పైగా మామూలు పద్ధతిలో ఆ లోకం తెరిచిన టీచర్ ల్యాప్‌టాప్ మీదే ఉంటుంది, ఆయన మూసేస్తే అందరికీ మూసుకుపోతుంది. ఒకే యాజమాన్యం కింద రెండు బ్రాంచీలు, ఖాతాలు ముందే ఉన్న బడులు దాన్ని ఎంచుకుంటే నేను కాదనను. బ్రౌజర్‌లో తెరుచుకునేవి ఒక గంట ప్రదర్శనకి బాగుంటాయి. నెల రోజులు బ్లాకు మీద బ్లాకు పేర్చే పనికి వాటిని నేను సూచించను.

ప్రశ్న: విజయవాడలో మాకు రెండు బ్రాంచీలు, గుంటూరులో ఒకటి. ఒక కంపెనీవాళ్లు వచ్చి బ్రాంచికి 30 వీఆర్ హెడ్‌సెట్లు, మూడేళ్ల "మెటావర్స్ క్యాంపస్" చందా కలిపి ప్యాకేజీ ఇస్తామంటున్నారు. డెమో చూసి మా డైరెక్టర్‌గారు మురిసిపోయారు. తీసుకోవచ్చా?
— ప్రిన్సిపాల్, విజయవాడ

జవాబు: డెమో బాగుండటంలో ఆశ్చర్యం లేదండీ, డెమోలో ఉన్నది ఒక్క హెడ్‌సెట్. ముప్పై ఉన్నప్పుడు సంగతి వేరు. ఒకసారి చార్జి చేస్తే రెండు గంటలకి కాస్త అటూ ఇటూ. ఉదయం మూడు సెక్షన్లు వాడితే మధ్యాహ్నం సెక్షన్‌కి ఉండవు. కళ్లద్దాలు పెట్టుకునే పిల్లలు, ఐదు నిమిషాలకే తల తిరిగే పిల్లలు, చెమట పట్టిన మెత్తలు తుడవడం, నలభై నిమిషాల పీరియడ్‌లో పదిహేను నిమిషాలు వీటికే. వయసు కూడా అడగండి. మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్లకి 13 ఏళ్ల నిబంధన ఉండేది. 2023లో 10 ఏళ్లకి తగ్గించారు గానీ, ఆ మధ్య వయసు పిల్లల ఖాతా తల్లిదండ్రుల చేతిలో ఉండాలి. మీ ఐదో తరగతి వాళ్లలో కొందరికి ఆ పదేళ్లు కూడా నిండి ఉండవు.

కంపెనీ వాళ్లని అడగాల్సింది ఒకటే. "మీరు దుకాణం మూసేస్తే మా పిల్లలు కట్టింది మా చేతికి ఎలా వస్తుంది?" ఇది అపశకునం కాదు. ఇలాంటి వర్చువల్ సర్వీసుల్ని పెద్దపెద్దవాళ్లే మూశారు. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2021 జూన్‌లో ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న ఆల్ట్‌స్పేస్ వీఆర్ 2023 మార్చిలో మూతపడింది. మొజిల్లా హబ్స్ 2024 మే చివర్లో మూసేశారు. హబ్స్ కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి దాన్ని సొంత సర్వర్ మీద నడుపుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మీకు వచ్చిన కంపెనీ ఆ ప్రశ్నకి బ్రోషర్ చూపిస్తే వద్దనండి. ఫైలు చూపించి, వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూపిస్తే మాట్లాడొచ్చు. అప్పుడు కూడా బ్రాంచికి ముప్పై కాదు, నాలుగు. మిగతా డబ్బుతో గుంటూరు బ్రాంచి నెట్ బాగుచేయించండి. మూడు బ్రాంచీలు కలవాలంటే కావలసింది అదే కదా.

డైరెక్టర్‌గారికి ఇదంతా చెప్పడం కష్టమని తెలుసు. ఆయన్నే ఒక పీరియడ్ మొత్తం ఏడో తరగతి పిల్లల మధ్య హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చోమనండి.

ప్రశ్న: 2008, 2009 ప్రాంతంలో నేను సెకండ్ లైఫ్‌లో చాలా తిరిగాను. అప్పట్లో అమెరికా, జపాన్ బడుల పిల్లలు అందులో కలిసి పనిచేసేవారని చదివాను. ఇప్పుడు మా జూనియర్ కాలేజీ పిల్లలకి అది పనికొస్తుందా? ఓపెన్ సిమ్యులేటర్ సంగతేమిటి?
— లెక్చరర్, హనుమకొండ

జవాబు: మీరు చదివింది నిజమే. 13 నుంచి 17 ఏళ్ల వాళ్లకి టీన్ సెకండ్ లైఫ్ అని 2005 నుంచి విడిగా ఒక లోకం ఉండేది. కాలిఫోర్నియాలోని మొడెస్టో బడులు, జపాన్ క్యోటోలోని ఒక హైస్కూల్ కలిసి అందులో ద్వీపాలు పెట్టుకుని భాష, సంస్కృతి పంచుకున్నాయి. 2011 మొదట్లో దాన్ని మూసేశారు. విద్యాసంస్థలకి ఇచ్చే సగం ధర రాయితీ కూడా అప్పుడే తీసేశారు, 2013లో మళ్లీ ఇచ్చారు. ఆ రెండేళ్లలో చాలామంది టీచర్లు మూటాముల్లె సర్దుకుని, అలాంటి లోకాన్నే సొంత సర్వర్ మీద నడుపుకోనిచ్చే ఓపెన్ సిమ్యులేటర్‌కి వలసపోయారు. ఇప్పుడు సెకండ్ లైఫ్‌లో 16, 17 ఏళ్ల వాళ్లు "అందరికీ తగినవి" అని గుర్తించిన ప్రాంతాలకే వెళ్లగలరు. 13 నుంచి 15 ఏళ్ల వాళ్లయితే ఏదైనా సంస్థ తీసుకొచ్చి తన సొంత ప్రాంతంలోనే ఉంచాలి. మీ ఇంటర్ పిల్లల వయసు సరిగ్గా ఈ గీత మీద ఉంది. ఒకే సెక్షన్‌లో కొందరికి ఒక నిబంధన, కొందరికి ఇంకొకటి అంటే మీకు రోజూ తలనొప్పే.

ఓపెన్ సిమ్యులేటర్ 2007 నుంచి ఉంది, సెకండ్ లైఫ్ చూసే ఫైర్‌స్టార్మ్ లాంటి వ్యూయర్లతోనే తెరుచుకుంటుంది. సర్వర్ మీ చేతిలో ఉంటుంది. మీరు కట్టిన ప్రాంతం మొత్తాన్ని ఓఏఆర్ అనే ఒక్క ఫైలుగా దాచి రేపు ఇంకో సర్వర్ మీద పరిచేయొచ్చు. నాకు దానిమీద గౌరవం అందుకే. మనుషుల ఆకారాలు, బట్టలు, ఇళ్ల లోపలి సామాను, కోర్టు సీనులు, ఇంటర్వ్యూ ప్రాక్టీసు, ఇలాంటివి బ్లాకుల లోకంలో రావు, ఇందులో వస్తాయి. మీ కామర్స్ పిల్లలు బ్యాంకు బ్రాంచి కట్టి ఒకరు మేనేజరు, ఒకరు ఖాతాదారు కావాలనుకుంటే ఇదే పెట్టండి. వ్యూయర్‌కి మాత్రం ఓ మోస్తరు గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్ కావాలి. మీతో జతకట్టే కాలేజీ ల్యాబ్ ఎలా ఉందో ముందు చూడండి. హైపర్‌గ్రిడ్ అని వేరేవాళ్ల లోకాలకి గెంతే సదుపాయం ఉంటుంది, మైనర్లు ఉన్నంతకాలం దాన్ని ఆపేసే ఉంచండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మేము శనాదివారాలు తెలుగు క్లాసులు నడుపుతాం. మా పిల్లలకి గుడివాడ దగ్గర మా నాన్నగారు చదివిన బడి పిల్లలతో ఒక వర్చువల్ ఊరు కట్టించాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక వాలంటీర్ టీచర్, ఎడిసన్

జవాబు: గడియారంతో మొదలుపెట్టమ్మా. మీకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. వేసవిలో మీ ఆదివారం ఉదయం తొమ్మిదికి గుడివాడలో సాయంత్రం ఆరున్నర, బడికి తాళం వేసి ఉంటుంది. మన బడి నడిచే వేళకి మీ పిల్లలు నిద్రలో ఉంటారు. కాబట్టి అందరూ ఒకేసారి కలిసే లోకం గురించి ఆలోచించకండి. ఎప్పుడూ తెరిచి ఉండే లోకం కావాలి, ఎవరి వేళకి వాళ్లు వచ్చి పని చేసి వెళ్తారు. ఒకరి ల్యాప్‌టాప్ మీద నడిచే ఏర్పాటు ఏదైనా మీకు పనికిరాదు, సర్వర్ విడిగా ఉండాల్సిందే.

పని కూడా దానికి తగ్గట్టు పంచండి. గుడివాడ పిల్లలు శనివారం రామాలయం, రచ్చబండ కట్టి ఒక పుస్తకం పెట్టెలో పెడతారు, రాబోయే వారం మీ పిల్లలు ఏం కట్టాలో అందులో రాసి. మీ వాళ్లు ఆదివారం అది చదివి పని చేసి, తిరుగు ప్రశ్న రాసి పెడతారు. "చెరువుకి మెట్లు ఎటువైపు?" అని మీ పిల్ల అడిగితే ఆ జవాబు కోసం అక్కడి పిల్లవాడు నిజంగా చెరువు దగ్గరికి వెళ్లి చూసొస్తాడు. నెలకొక్కసారి మాత్రం మీ ఆదివారం ఉదయాన, ఇక్కడ ఎవరైనా మాస్టారు సాయంత్రం ల్యాబ్ తెరవడానికి ఒప్పుకుంటే, అందరూ కలిసి ఊరంతా తిరగండి. మాటలకి వేరే ఫోన్ కాల్ పెట్టుకోండి, త్రీడీ లోకంలోనే గొంతు కలపాలని చూస్తే పల్లె నెట్ తట్టుకోదు.

అనుమతుల విషయం. మీ దగ్గర కొప్పా చట్టం 13 ఏళ్ల లోపు పిల్లల వివరాల గురించి. ఇక్కడ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. రెండింటిలో కఠినమైనది రెండు వైపులా పాటించండి. అసలు పేర్లు, ఫొటోలు, ఊరి అడ్రసు లోపల ఎక్కడా ఉండకూడదు. పిల్లలకి పేర్లు మీరే పెట్టండి, చెట్ల పేర్లో, పిట్టల పేర్లో. ఎవరు ఏదో తెలిసే కాగితం ఇద్దరు టీచర్ల దగ్గరే ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. బడిలో ఇంకో ఊరి పిల్లలతో "వర్చువల్ ప్రాజెక్టు" అని సంతకం పెట్టమని కాగితం పంపారు. చూస్తే అది గేమ్. అవతల ఎవరున్నారో తెలియదు. టెన్షన్‌గా ఉంది. పెట్టాలా వద్దా?
— ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: మీ టెన్షన్ సహజమే. సంతకం పెట్టేముందు క్లాస్ టీచర్‌ని అడగండి. లోపలికి ఎవరెవరు రాగలరు, ఆ జాబితా ఎవరి దగ్గర ఉంది? చాట్ ఉందా, ఉంటే దాన్ని ఎవరు చదువుతున్నారు? ఇంటి నుంచి కూడా తెరుచుకుంటుందా, బడి వేళల్లోనేనా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే నిశ్చింతగా సంతకం పెట్టండి. "అది సేఫే అండీ" అని ఊరుకుంటే జవాబు రాసి పంపమనండి. గేమ్ కదా అన్నదాని గురించి మాత్రం బెంగ వద్దు. ఏం కడుతున్నారో ఒకసారి పక్కన కూర్చుని చూపించమనండి, కొలతలు చెప్పగలిగితే చదువు సాగుతున్నట్టే.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఒక సీపీయూకి ఐదు మానిటర్లు తగిలించి ఉంటాయి. చిన్న డబ్బాల ద్వారా అందరం అదే సీపీయూ వాడతాం. ఇందులో ఈ త్రీడీ లోకాలు ఆడతాయా?
— కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్, ఆదోని

జవాబు: ఆడవు. ఐదుగురికీ ఒకే సీపీయూ బొమ్మ గీయాలి, టైపింగ్‌కి సరిపోయేది త్రీడీకి సరిపోదు. సెట్టింగ్స్ ఎంత తగ్గించినా రెండో పిల్ల లోపలికి రాగానే మొదటి పిల్ల బొమ్మ బిగుసుకుపోతుంది. ఆ డబ్బాలు పీకేసి సీపీయూని నేరుగా క్లాసులోని ఐఎఫ్‌పీ ప్యానెల్‌కి, అంటే గోడ మీది పెద్ద టచ్ తెరకి కలపండి. ఒక్కరే మౌస్ పట్టుకుంటారు, పది నిమిషాలకొకసారి మార్చండి. మిగతావాళ్ల చేతిలో గళ్ల నోటుపుస్తకం ఉండాలి, ఎవరి గది ప్లాను వాళ్లు ముందే గీసుకుని రావాలి. లువాంటిలో ఎఫ్5 నొక్కితే నిలబడ్డ చోటు కొలతలు తెర పైన అంకెల్లో కనిపిస్తాయి. ప్లాను గీసిన పిల్ల ఆ అంకెలు చూసి "ఇంకో మూడు ఎడమకి" అని చెబుతుంది, మౌస్ ఉన్నవాడు పెడతాడు. జత బడికి కూడా ముందే చెప్పండి, మీ వైపు నుంచి లోపలికి వచ్చేది ఒక్క బొమ్మే, దాని వెనక నలభైమంది ఉంటారని. లేకపోతే ఒక్కడే వచ్చాడేమిటని వాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు.